పదకొండున్నర గంజి

మూడూ నలభైకి యాస్మిన్ తిరువూరు పోలీస్ స్టేషన్ గుమ్మం ఎక్కింది. ముందు వినపడింది పసిపిల్ల ఏడుపు. దాని మీదుగా ఎస్సై నవదీప్ గొంతు.

“పొద్దు ఎన్నింటికి గూకుతుంది?”

“ఆరున్నరకి సార్,” అంది మహిళా కానిస్టేబుల్.

“ఆరింటికల్లా కాగితాలన్నీ నా బల్ల మీద ఉండాలి. చీకటి పడ్డాక ఆడమనిషిని అరెస్టు చేశారని రేపు ఎవడూ నోరెత్తకూడదు.”

యాస్మిన్ చేతి గడియారం చూసుకుంది. రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈలోపు తేల్చలేకపోతే, ఆ మూల బెంచీ మీద కూర్చున్న నర్సు సుప్రజ జైలుకి పోతుంది. ఆమె అత్తగారు నాగేంద్రమ్మ ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తున్న ఏడునెలల పిల్ల, తల్లి లేకుండా ఇంటికి పోతుంది.

“రండి డిటెక్టివ్ గారూ,” అన్నాడు నవదీప్ కుర్చీలోంచి లేవకుండానే. “టైలర్ షాపు మేడ మీద ఆఫీసు ఎలా నడుస్తోంది? తప్పిపోయిన మేకలు దొరుకుతున్నాయా?”

“మేకలు దొరికాయి సార్. మీరు పోగొట్టుకున్న సాక్షులే మిగిలారు.”

కానిస్టేబుల్ తల వంచుకుని నవ్వు దాచుకుంది. నాలుగేళ్ళ కిందట యాస్మిన్ కూడా అదే యూనిఫాంలో, అదే గదిలో, అదే మనిషికి సెల్యూట్ కొట్టింది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

పోయిన సాక్షి రాయప్ప. రెడ్డిగూడెం పక్కన మామిడికాయలు గ్రేడింగ్ చేసే షెడ్డుకి వాచ్‌మన్. నెల కిందట ఆ షెడ్డులో రుచిత అనే పంతొమ్మిదేళ్ళ కూలి పిల్ల చచ్చిపోయింది. పెట్టెల మీంచి జారిపడిందని షెడ్డు వాళ్ళు చెప్పారు. కాదు, తోశారు, కళ్ళారా చూశానన్నాడు రాయప్ప. సోమవారం మేజిస్ట్రేటు ముందు ఆ మాట చెప్పాలి. రుచిత తల్లి యాస్మిన్‌ని పెట్టుకున్నది అందుకే.

ఈలోపు మంగళవారం రాయప్పకి కడుపునొప్పి. పేగుకి చిల్లి పడిందని ఆపరేషన్ చేశారు. జానెడు ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. ఇవాళ గురువారం. మధ్యాహ్నం పన్నెండూ పదికి మనిషి స్పృహ తప్పి పడిపోయాడు. ఇప్పుడు విజయవాడలో ఐసీయూలో ఉన్నాడు. సాక్ష్యం సోమవారం. మనిషి సోమవారం దాకా ఉంటాడా అన్నది ఎవరూ చెప్పలేకపోతున్నారు.

“ఇందులో తేలాల్సిందేం లేదు,” అన్నాడు నవదీప్. బల్ల మీద ఒక అట్ట తిప్పి పెట్టాడు. వార్డు చార్టు. “చదువుకోండి. పదకొండున్నర. గంజి, రెండు చెంచాలు. కింద సంతకం సుప్రజ. పదకొండూ నలభైకి రోగికి తేడా చేసింది. ఆపరేషన్ అయి రెండు రోజులు కాలేదు, పేగు కుట్లు పచ్చిగా ఉన్నాయి. అందులో గంజి పోస్తే ఏమవుతుంది? కుట్లు తెగుతాయి. ఎవరో ఈమెకి చెప్పి చేయించారు. ఆ పేరు రాత్రికి చెబుతుంది.”

“గంజి పట్టమన్నది డాక్టరు ఆరాధన గారు.”

“కొద్దిగా పట్టమంది. ఎంత పట్టిందో ఎవరు చూశారు?”

“చూద్దాం. ఆ ఫ్లాస్కు మీ దగ్గరే ఉందిగా.”

బీరువా పక్కన సీలు వేసిన సంచిలో స్టీలు ఫ్లాస్కు ఉంది. నవదీప్ దాన్ని ఒకసారి చూసి, యాస్మిన్‌ని చూశాడు.

“ముందు నేను ఆమెతో పది నిమిషాలు మాట్లాడతాను సార్.”

“అయిదు.”

*

సుప్రజ కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవడం లేదు. ఏడుపు అయిపోయిన ముఖం అది. పిల్ల మాత్రం ఆపడం లేదు. నాగేంద్రమ్మ సీసా నోట్లో పెడుతుంటే తల విదిలించి పక్కకి తోసేస్తోంది.

“సీసా అలవాటు లేదా?” అంది యాస్మిన్.

“నా తల్లే, వాసన కూడా చూడదు,” అంది నాగేంద్రమ్మ. “అమ్మ పాలు తప్ప ముట్టదు. వాళ్ళమ్మని ఇవ్వనివ్వరు. మధ్యాహ్నం నుంచి ఇదే గోల.”

యాస్మిన్ చూపు సుప్రజ యూనిఫాం మీద ఆగింది. ఛాతీ దగ్గర రెండు తడి మచ్చలు. పిల్ల ఏడ్చిన ప్రతిసారీ సుప్రజ చేతులు కట్టుకుని గట్టిగా నొక్కుకుంటోంది. ఆ నొప్పి యాస్మిన్‌కి తెలుసు. పాలు గడ్డకట్టి చెయ్యి ఎత్తలేని రోజులు ఆమెకీ ఉన్నాయి.

“డ్యూటీ ఎన్నింటికి ఎక్కావమ్మా?”

“ఎనిమిదింటికండి.”

“రెండింటి వరకు?”

“అవునండి.”

“ఆరు గంటలు. సీసా ముట్టని పిల్ల. ఆరు గంటలు ఆగుతుందా?”

సుప్రజ నేల చూపులు చూసింది. నాగేంద్రమ్మ కొంగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

“సుప్రజా, అయిదు నిమిషాల్లో రెండు అయిపోయాయి.”

“ఉద్యోగం పోతుందండి.”

“ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటావు. ముందు బయట ఉండాలి కదా.”

అప్పుడు చెప్పింది. గొంతు లోపల్నుంచి, ఒక్కో ముక్కా. రోజూ పదకొండుంబావుకి అత్తగారు పిల్లని తీసుకుని వెనక మెట్ల దగ్గరికి వస్తుంది. పాత పరుపులు వేసే చోటు. అక్కడ కూర్చుని పాలిచ్చి మళ్ళీ పైకి వెళుతుంది. మేనేజరుకి తెలిస్తే ఊరుకోడు. ఇవాళా అంతే. పదకొండుంబావు నుంచి పదకొండూ ముప్పై అయిదు దాకా వార్డులో లేదు.

“మరి పదకొండున్నర గంజి?”

“పట్టలేదండి.” రెండు చేతులూ ముఖానికి పెట్టుకుంది. “పైకి వెళ్ళగానే, పట్టినట్టు రాసేశాను. ఒక్క గంటేగా, పన్నెండున్నరకి పట్టేద్దామనుకున్నా. చార్టులో ఖాళీ ఉంటే డాక్టరమ్మ అడుగుతారని...”

“చెయ్యని పని రాసి, దానికే దొరికిపోయావు.”

“మా అమ్మాయి మీద ఒట్టండి, నేను పట్టలేదు.”

“మెట్ల మీద ఎవరైనా నిన్ను చూశారా?”

“ఒకాయన దాటి పైకి వెళ్ళాడు. తెల్ల చొక్కా. నేను చున్నీ కప్పుకుని గోడ వైపు తిరిగాను. ముఖం చూడలేదు.”

“నేను చూశా,” అంది నాగేంద్రమ్మ. “నలభై ఏళ్ళుంటాయి. మెడలో సిలువ, చేతిలో తెల్లగుడ్డ సంచి. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. మర్యాదస్తుడే అనుకున్నా.”

*

నాలుగూ అయిదుకి బల్ల మీద ఫ్లాస్కు సీలు తీశారు. కానిస్టేబుల్ మందుల షాపు నుంచి దగ్గు మందు సీసాల మీద వచ్చే ప్లాస్టిక్ కప్పు తెచ్చింది. అంచు దాకా పోస్తే ముప్పై మిల్లీలీటర్లు.

“ఈ కప్పుకి రెండు పెద్ద చెంచాలు పడతాయి,” అంది యాస్మిన్. “వంటావిడ ఎనిమిదింటికి ఫ్లాస్కులో రెండు వందల మిల్లీలీటర్లు కొలిచి పోసింది. చార్టులో పైన రాసి ఉంది చూడండి. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర, పదిన్నర. మూడుసార్లు పట్టింది. తొంభై పోయింది. పదకొండున్నరకి కూడా పట్టి ఉంటే ఎనభై ఉండాలి. పట్టకపోతే నూటపది.”

యాస్మిన్ పోసింది. ఒక కప్పు. రెండు. మూడు. నాలుగోది మూడింట రెండు వంతులు నిండి ఆగింది.

“మూడు ముప్పైలు తొంభై. ఇది ఇరవై. నూటపది.”

“లెక్కల మాస్టారు దగ్గర చదివారా ఏంటి?”

“పిల్లకి జ్వరం మందు పట్టే ఏ తల్లిని అడిగినా చెబుతుంది సార్.”

అతను లేచాడు. రెండు అడుగులు కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. తెలివితక్కువవాడు కాదు నవదీప్. అదే అతనితో వచ్చిన చిక్కు.

“సరే. గంజి పట్టలేదు. అంటే ఇంకేదో పట్టింది. చార్టులో గంజి అని రాసి దాన్ని కప్పిపుచ్చింది. మీరు ఆమెని బయటపడేశాననుకుంటున్నారు. ఇంకా లోపలికి తోశారు.”

యాస్మిన్ కప్పు కింద పెట్టింది. అతను అన్నదాంట్లో తప్పు లేదు. బెంచీ మీది నుంచి పిల్ల మళ్ళీ గుక్కపట్టింది.

“వార్డు చూడనివ్వండి,” అంది. “మీరూ రండి. నేను ఏదైనా మార్చేస్తానని మీకు భయం కదా.”

*

నర్సింగ్ హోమ్ బస్టాండుకి వెనక. ఇరవై పడకలు. నాలుగూ పాతికకి వాళ్ళు మూడో నంబరు గదికి వెళ్ళేసరికి ఆయమ్మ నేల తుడుస్తోంది. గదంతా ఫినాయిల్ కంపు.

“ఎవరు తుడవమన్నారు?” అంది యాస్మిన్.

“విరేచనం అయ్యిందిగా అమ్మా, మంచమంతా. అప్పుడోసారి కడిగాను. మళ్ళీ ఇప్పుడు కడుగుతున్నా.”

యాస్మిన్ నవదీప్ వైపు చూసింది. గదికి తాళం వేయించని పాపం అతనిది. అతను చూపు తిప్పుకున్నాడు.

డాక్టరు ఆరాధన గుమ్మంలోనే నిలబడి ఉంది. ముప్పై దాటని మనిషి. మధ్యాహ్నం నుంచి రాయప్ప చుట్టాలు కింద నిలబడి ఆమెని తిడుతూనే ఉన్నారు. కడుపు కోసిన మనిషికి అయిదు రోజులు చుక్క నీళ్ళు పోయకూడదని మా తాతలు చెప్పారు, నువ్వు రెండో రోజే గంజి పోయించావు, అని.

“మీరు కూడా అదే అడగడానికి వచ్చారా?” అంది.

“అదే అడుగుతాను. అంత తొందరగా ఎందుకు పట్టించారు?”

“అయిదు రోజులు ఎండబెడితే మనిషి నీరసపడతాడు, కుట్లూ లేటుగా మానతాయి. రోగిని చూసి, కొద్ది కొద్దిగా మర్నాడే మొదలుపెట్టొచ్చు. పేగు ఖాళీగా ఉంటే భద్రం అనుకోవడం పాత భయం. మా అమ్మ కూడా అలాగే అనుకుంటుంది. అందుకే చెంచాలతో కొలిచి, గంటగంటకీ నాడి చూసి రాయమన్నాను.”

“కుట్లు తెగాయా, తెగలేదా?”

“తెగలేదు.” ఫోను తీసి చూపించింది. “ఇప్పుడే విజయవాడ నుంచి చెప్పారు. స్కాన్‌లో ఎక్కడా కారడం లేదు. నేను వేసిన కుట్లు వేసినట్టే ఉన్నాయి.”

నవదీప్ ముందుకొచ్చాడు. “మరి మనిషి ఎందుకు పడిపోయాడమ్మా?”

“అదే నాకూ అర్థం కావట్లేదు సార్. ఇదిగో, చూడండి.” ఆమె తన కాగితం మీద వేలు పెట్టింది. “పదకొండింటికి నాడి ఎనభై ఎనిమిది. పదకొండూ నలభైకి యాభై రెండు. కుట్లు తెగి కడుపులో కారితే నాడి పరుగెత్తాలి. నూటపది, నూటఇరవై. ఈయనది పడిపోయింది. కంటిపాప గుండుసూది మొన అంత అయిపోయింది. నొప్పికి ఇచ్చిన మందు ఎక్కువైందేమో అనుకున్నాం. విజయవాడలో కూడా అదే అనుకుంటున్నారు.”

“ఇంకా?”

“చెమటలు. నోట్లోంచి చొంగ. ఒకటే విరేచనం.” ఆరాధన ఆగింది. “ఆ విరేచనమే మమ్మల్ని మోసం చేసింది. కడుపు ఆపరేషన్ తర్వాత అందరం దానికోసమే ఎదురుచూస్తాం. గ్యాస్ పోయిందా, విరేచనం అయిందా అని పూటపూటకీ అడుగుతాం. అయితే పేగు లేచిందని సంతోషం. రాయప్ప భార్య అయితే దండం పెట్టింది. ప్రార్థన ఫలించిందమ్మా అంది.”

ప్రార్థన. ఆ మాట యాస్మిన్ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో వెంటనే తెలియలేదు.

గదిలో చూడడానికి మిగిలింది తక్కువ. మంచం మీద పరుపు లేదు. సెలైన్ స్టాండు. చిన్న బీరువా, లోపల దువ్వెన, రెండు బత్తాయిలు, జపమాల. గోడకి వాష్‌బేసిన్. ఆయమ్మ నేల కడిగింది కానీ బేసిన్ ముట్టలేదు. దాని గట్టు మీద, సబ్బు పెట్టే గుంట పక్కన, గోరంత తెల్లటి పెచ్చు ఎండి అంటుకుని ఉంది. యాస్మిన్ కాగితం మడిచి దాని అంచుతో ఊడదీసింది. కాగితంకన్నా పల్చన. పట్టుకుంటే విరిగేలా ఉంది.

“మాత్ర ముక్కా?”

ఆరాధన వంగి చూసింది. “కాదు. మా మందుల్లో ఇలాంటిది లేదు.”

“అప్పడం,” అన్నాడు నవదీప్. “కేసు తేలిపోయింది. అప్పడం తిని పడిపోయాడు.”

యాస్మిన్ నవ్వలేదు. ఆమెకి వాళ్ళమ్మ ఖాసింబీ గుర్తొచ్చింది. క్రితం నెల షుగరు పరీక్షకి పరగడుపున తీసుకెళ్ళింది. ఏమైనా తాగావా అమ్మా అంటే అల్లా మీద ఒట్టు లేదంది. మళ్ళీ మళ్ళీ గుచ్చి అడిగితే తేలింది, మక్కా నుంచి చుట్టాలు తెచ్చిన జంజం నీళ్ళు గ్లాసుడు తాగింది. అదేంటమ్మా అంటే, అది తాగడం ఎలా అవుతుందే అని అమ్మ తిరిగి కోప్పడింది.

“రాయప్ప భార్య జోజమ్మ ఎక్కడ ఉంది?”

“కింద,” అన్నాడు నవదీప్. “అంబులెన్సులో ఒక్కరికే చోటు. కొడుకు జోజిబాబు వెళ్ళాడు. ఆమె దగ్గర ఫిర్యాదు రాయించుకుని అయిదున్నర బస్సుకి పంపుతానన్నాను. నేను ఇరవైసార్లు అడిగాను డిటెక్టివ్ గారూ. ఎవరూ ఏమీ పెట్టలేదనే చెప్పింది.”

“నాకు తెలుసు సార్. మీరు అడిగింది తిండి గురించి.”

*

జోజమ్మ మెట్ల కింద మూటల మధ్య కూర్చుని ఉంది. ఒళ్ళో నల్ల అట్ట ప్రార్థన పుస్తకం. నాలుగూ యాభై. యాస్మిన్ ఆమె పక్కన నేల మీదే కూర్చుంది.

“పెద్దమ్మా, ఆయనకి ఏం పెట్టారని నేను అడగను. పెట్టలేదన్నారు, నమ్ముతున్నాను. దేవుడి పేరున ఎవరైనా వచ్చారా?”

జోజమ్మ తలెత్తింది. “వచ్చారమ్మా. పదకొండున్నర కాలేదప్పటికి. మా రెడ్డిగూడెం ఫాదరు గారు పంపారన్నాడు. సత్ప్రసాదం తెచ్చాడు, పూజలో ఇచ్చే పల్చటి తెల్ల అప్పం.”

“ఆయనకి ఇచ్చాడా?”

“ఇచ్చాడు. ఎండుది మింగలేడుగా, చిన్న ముక్క తుంచి చెంచాలో వేసి, సీసాలో నీళ్ళు తెచ్చుకున్నాడు, ఆ నీళ్ళతో పట్టాడు. నేను గడ్డం కింద గుడ్డ పట్టాను.”

వెనక నవదీప్ బూటు చప్పుడు ఆగిపోయింది.

“ఇది నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ.

“మీరు తిండి ఏం పెట్టారని అడిగారయ్యా.” జోజమ్మ వాళ్ళిద్దరినీ వింతగా చూసింది. “సత్ప్రసాదం తిండి ఎలా అవుద్ది? అది ప్రభువు.”

“మీకు ముందు తెలుసా ఆ మనిషి?”

“తెలీదు. కొత్తాయన. అందుకే కాబోలు...” ఆమె ఆగింది. “తప్పు పట్టకూడదులే.”

“పట్టండి పెద్దమ్మా. తప్పకుండా పట్టండి.”

“ఇచ్చాక, సీసాలో మిగిలిన నీళ్ళు బేసిన్‌లో పారబోసి, చేతులు దులుపుకున్నాడు. నా గుండె గుభేల్ మంది. సత్ప్రసాదం తాకిన నీళ్ళు ఎవరైనా తాగుతారు, లేదా మట్టిలో పోస్తారు. మురికి కాలువలో పోయరు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏమోలే, హడావిడిలో ఉన్నాడనుకున్నా.”

యాస్మిన్ కాగితం విప్పి తెల్ల పెచ్చు చూపించింది. “ఇది బేసిన్ గట్టు మీద ఉంది.”

జోజమ్మ రెండు చేతులూ నోటికి పెట్టుకుంది. “అయ్యో తండ్రీ. అక్కడ పడేశాడా?” వంగి ఆ కాగితానికి నమస్కారం చేసింది. కళ్ళమ్మట నీళ్ళు జారాయి. మొగుడు విజయవాడలో చావుబతుకుల్లో ఉన్నాడన్న దానికంటే, ఆ క్షణానికి, అదే ఆమెకి ఎక్కువ దెబ్బలా ఉంది.

నవదీప్ అప్పటికే ఫోను చేస్తున్నాడు. రెడ్డిగూడెం. స్పీకరు పెట్టాడు. అవతల ఫాదరు గారి గొంతు తాపీగా వచ్చింది. “నేను ఎవర్నీ పంపలేదు బాబూ. రాయప్పకి ఆపరేషన్ అని నిన్నే తెలిసింది. రేపు నేనే వద్దామనుకున్నాను. నా తరఫున రోగుల దగ్గరికి వెళ్ళే మా ఉపదేశి నా పక్కనే ఉన్నాడు, మాట్లాడతారా?”

నవదీప్ ఫోను పెట్టేశాడు.

“గడ్డం కింద పట్టిన గుడ్డ,” అంది యాస్మిన్. “ఉతికారా?”

“ఉతుకుతానా? దాని మీద రెండు చుక్కలు పడ్డాయి. పవిత్రమైందని దాచాను.” జోజమ్మ ప్రార్థన పుస్తకాన్ని గుండెలకి హత్తుకుంది. “ఇది పోలీసులకి ఇవ్వనమ్మా. ఫాదరు గారికే ఇస్తాను.”

నవదీప్ చెయ్యి చాపబోయాడు. యాస్మిన్ అతని మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ పట్టులో నాలుగేళ్ళ లెక్క ఉంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మీ చేతిలోనే ఉంచుకోండి పెద్దమ్మా. ఒక్కసారి విప్పండి. డాక్టరమ్మ వాసన చూస్తుంది, అంతే.”

జోజమ్మ పుస్తకం తెరిచింది. పేజీల మధ్య నాలుగు మడతల తెల్లగుడ్డ. ఆరాధన వంగింది. యాస్మిన్ కూడా వంగింది. పైన ఫినాయిల్ కంపులో ఎవరికీ తెలియనిది, ఇక్కడ మూసిన పుస్తకంలో అలాగే నిలిచి ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రం పత్తి చేల మీంచి వచ్చే గాలికి ఉండే వాసన.

“పురుగుమందు,” అంది ఆరాధన. ఆమె పెదాలు పాలిపోయాయి. “నాడి పడిపోవడం, చెమట, చొంగ, కంటిపాప... అన్నీ అదే. విరేచనం కూడా. పేగు లేవలేదు, విషం లేపింది. నా కళ్ళ ముందే ఉంది, నేను చూడలేదు.”

“మీకు వాసన రాలేదా పెద్దమ్మా, అప్పుడు?”

“వచ్చింది.” జోజమ్మ అయోమయంగా చూసింది. “మేం రోజూ చేలో మందు కొట్టేవాళ్ళమేగా. మా చీరలకీ, మా చేతులకీ ఎప్పుడూ ఆ వాసనే. నా దగ్గర్నుంచే వస్తోందనుకున్నా.”

“విరుగుడు ఉందా?” అన్నాడు నవదీప్.

“ఉంది. టైముకి పడితే బతుకుతాడు. వాళ్ళు వేరే మందు ఇస్తున్నారు, నేను చెప్పాలి.” ఆరాధన ఫోను చెవికి పెట్టుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తింది. ఐసీయూ నంబరు. మోగుతోంది. మోగుతూనే ఉంది.

అయిదూ అయిదు. నవదీప్ తన ఫోను తీశాడు. స్టేషన్‌కి. “ఆ నర్సమ్మ కాగితాలు ఆపు. ముందు పిల్లని ఆమెకి ఇవ్వు. గది తలుపు వేసి కాసేపు వదిలెయ్యి.” యాస్మిన్ వైపు చూడకుండానే అన్నాడు, “మీరు మేకల్ని కూడా ఇలాగే పట్టుకుంటారా?”

“మేకలు అబద్ధం రాయవు సార్. ఆ మనిషికి ఆ ఇరవై నిమిషాలు ఎలా తెలిశాయో అది చూడండి. సుప్రజ రోజూ మెట్ల దగ్గరికి వెళుతుందని చూసినవాడెవడో ఉన్నాడు.”

“చూస్తాను. ఈ ఊళ్ళోనే ఉంటాడు, ఎక్కడికి పోతాడు?”

ఆ మాట యాస్మిన్‌కి నచ్చలేదు. రాయప్ప ఇంకా బతికే ఉన్నాడు. పని సగంలో ఉంది. సగంలో వదిలేసి ఊళ్ళో కూర్చుంటాడా?

“పెద్దమ్మా, ఆ మనిషి వెళుతూ వెళుతూ ఏమన్నా అడిగాడా?”

“మంచిగా మాట్లాడాడమ్మా. ఇక్కడ నయం కాకపోతే ఎక్కడికి తీసుకెళతారని అడిగాడు. డాక్టరమ్మకి తెలిసిన పెద్దాసుపత్రి విజయవాడలో ఉందని చెప్పా. అక్కడికి కూడా వస్తానన్నాడు, ప్రార్థనకి. మా జోజిబాబు నంబరు రాసుకున్నాడు.”

యాస్మిన్ అప్పటికే ఫోను కలిపి, చెవికి పెట్టుకుని రింగులు లెక్కపెడుతోంది. జోజిబాబు నంబరు. ఒకటి. రెండు. మూడు. పక్కన మెట్ల మీద ఆరాధన మళ్ళీ ఐసీయూకి చేస్తోంది. అక్కడ ఎవరూ ఎత్తడం లేదు.

“హలో?” కుర్రాడి గొంతు. వెనక బళ్ళ హారన్లు. రోడ్డు మీద ఉన్నాడు.

“జోజిబాబూ, నేను యాస్మిన్ అక్కని. నాన్న దగ్గర ఎవరున్నారు?”

“భయం లేదక్కా. మందులు తెమ్మంటే కిందకి వచ్చాను. చర్చి ఆయన ఉన్నాడు లోపల. ఇప్పుడే వచ్చాడు, పొద్దున అమ్మ దగ్గరికి వచ్చినాయనే. బతిమాలితే నర్సు అయిదు నిమిషాలు లోపలికి పంపింది.”

“పైకి పరిగెత్తు! ఆయన్ని నాన్న నోట్లో ఏమీ పెట్టనివ్వకు!”

“పెట్టడక్కా, నేను ముందే చెప్పాను, ఏమీ మింగలేడని.” జోజిబాబు గొంతులో ఎక్కడలేని నమ్మకం. “మింగక్కర్లేదంట. నాలిక మీద ఒక్క చుక్క వేస్తే చాలన్నాడు.”